పొరుగువాడా? పరాయివాడా?

యానాం రేవున నిలిచి చూచినచో గౌతమికి ఆవలియొడ్డున ఎదుర్లంక కొబ్బరితోటలు కనబడును. ఈ యొడ్డు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతము; ఆ యొడ్డు ఆంధ్రప్రదేశ్. నడుమ నున్నది ఒక్క ఏరు. దానిపై బాలయోగి వారధి పడిన పిమ్మట ఆ ఏరు దాటుటకు నావతో పనియే లేదు. రెండు ఒడ్డులవారిదియు ఒకే భాష, ఒకే పంట, ఒకే వరద. పెండ్లి సంబంధములు, సంత బేరములు, చేబదుళ్ళు అన్నియు కలగలుపే. వానకారు వరదకు సముద్రమునుండి ఎదురీదుచు వచ్చు పులస ఈ యొడ్డున పోవునపుడు పుదుచ్చేరిదా, ఆ యొడ్డుకు ఒరిగినపుడు ఆంధ్రదా అని ఎవరును విచారింపరు. అది వలవేసినవాని చేప. పిదప, పుస్తెలమ్మియైన కొనుమని సామెత చెప్పినట్లు, ధర చెల్లింపగలవాని చేప.

అయితే ఈ రెండు ఒడ్డులయందు పుట్టిన ఇద్దరు పిల్లలు ఇంటర్మీడియెట్ ముగించి కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు నింపు దినమున ఆ ఏరు సముద్రమంత వెడల్పగును. ఆ కాగితములో ఒక గడి కలదు. స్థానికుడవా, స్థానికేతరుడవా అని అది అడుగును. ఎదుర్లంక బాలుడు మొదటి మాట వ్రాయును. యానాం బాలుడు రెండవ మాట వ్రాయును. వారిద్దరి మార్కులు ఒకటే కావచ్చును. వారు చదివిన పుస్తకములును ఒకటే కావచ్చును. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు ఇటీవల కేంద్ర బోర్డు పాఠ్యక్రమమునకు మారువరకు యానాం బడులలో ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములే బోధింపబడినవి. ఒకే పద్యమును కంఠస్థము చేసి, ఒకే లెక్కను తప్పి, ఒకే పరీక్ష వ్రాసిన ఇద్దరిలో ఒకడు ఇంటివాడును, ఒకడు బయటివాడును ఎట్లయిరి?

స్థానికులకు ముందుచోటు ఇచ్చుట న్యాయమా, అన్యాయమా అని ఒక్కమాటలో తేల్చబూనుట తొందరపాటు. ఏది పంచుచున్నాము, ఎవరి మధ్య పంచుచున్నాము అని ముందు అడుగవలెను. ఈ భేదమును తేటగా చూపు అద్దము ఒకటి మిక్కిలి దూరదేశమున, అమెరికా పశ్చిమ రాష్ట్రములలో కలదు. అది ఒక జింక కథ.

ఆ జింక పేరు ఎల్క్. మన అడవులలోని కణుజుకు దాయాది యనదగిన పెద్ద మృగము. పందొమ్మిదవ శతాబ్దమున విచ్చలవిడి వేటవలన అది చాలచోట్ల అంతరించెను. మిగిలిన మందలను కాపాడుటకు రాష్ట్రములు కట్టుబాటు చేసినవి. ఏటేట ఒక ప్రాంతమున ఎన్ని జింకలను వేటాడనిచ్చినను మంద తరుగకుండునో లెక్కకట్టి, అన్ని చీటీలే జారీచేయుదురు. ఆ చీటీని ట్యాగు అందురు. వేటగాడు కొట్టిన జింకకు ఆ ట్యాగు కట్టి తీరవలెను. చీటీల రుసుముతోను, తుపాకులు తూటాలపై సుంకమునుండి 1937 నాటి ఒక సమాఖ్య చట్టము కేటాయించిన సొమ్ముతోను వన్యమృగ సంరక్షణ సాగుచున్నది. నేడు ఆ కొండలలో ఎల్క్ మందలు మరల తిరుగుచున్నవన్న, అందులో ఈ కట్టుబాటు పాత్ర గొప్పది.

చీటీలు పరిమితము, అడుగువారు అపరిమితము. అందుచేత రాష్ట్రములు ముందుగా తమ నివాసులకు పెద్ద వాటా ఉంచుకొని, మిగిలిన కొద్ది భాగమును బయటి రాష్ట్రములవారికి లాటరీలో వేయును. న్యూమెక్సికో రాష్ట్రపు చట్టము నూటికి 84 చీటీలు నివాసులకు, 10 చీటీలు వేట నిర్వాహకులను కుదుర్చుకొనువారికి, 6 చీటీలు మాత్రమే తక్కిన పరదేశులకు కేటాయించెను. పరదేశి చెల్లించు రుసుము నివాసి రుసుమునకు అనేక రెట్లు. కొన్ని రాష్ట్రములలో చీటీ తగలనివానికి ఓదార్పుగా ఒక పాయింటు ఇత్తురు. ఏండ్ల తరబడి పాయింట్లు కూడబెట్టినవానికి ముందుగా అవకాశము రావలెనని దాని ఉద్దేశము. కాని కూడబెట్టువారు ఏటేట పెరుగుటచే, కావలసిన పాయింట్ల సంఖ్యయు పెరుగుచునే యుండును. దప్పిగొన్నవాడు నడచినకొలది ఎండమావి వెనుకకు జరిగినట్లు, రుసుము కట్టినకొలది చీటీ వెనుకకు జరుగును. నడివయసున దరఖాస్తు మొదలిడినవాడు మోకాళ్ళు పట్టు విడిచిన పిమ్మట కొండ యెక్కవలసి వచ్చును.

పరదేశి వేటగాని ఫిర్యాదు వట్టిది కాదు. ఆ జింకలు మేయు అడవులలో పెక్కు సమాఖ్య ప్రభుత్వమువి, అనగా యావద్దేశ ప్రజలవి. అడవి అందరిదైనపుడు అందలి జింక కొందరిదే యెట్లగునని అతడడుగును. స్థానికుని సమాధానమును వట్టిది కాదు. చలికాలమున కొండలు దిగివచ్చి రైతు దాచుకొన్న గడ్డివాములను తిని, కంచెలను విరుచు జింకలను సంవత్సరము పొడుగున భరించువాడు తాను; వేట వారములో విచ్చేసి కొమ్ములు మోసికొనిపోవువాడు పరదేశి. పాలిచ్చునపుడే గాక తన్నునపుడును ఆవును కాచినవానికే దానిపై మొదటి హక్కు అని అతని వాదము.

ఈ తగవు అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయెను. 1970 ప్రాంతపు దశకమున మోంటానా రాష్ట్రమున నివాసి 9 డాలర్లకు ఎల్క్ వేట లైసెన్సు పొందుచుండగా, ఎల్క్‌ను వేటాడగోరు పరదేశి 225 డాలర్ల ఉమ్మడి లైసెన్సు కొనవలసియుండెను. ఇది పౌరుల సమానత్వమునకు భంగమని కొందరు వ్యాజ్యము వేసిరి. 1978లో న్యాయస్థానము ఆ భేదమును సమర్థించెను. పరదేశికి ఎల్క్ వేట వినోదమే గాని జీవనాధారము కాదు. వినోదమున రాష్ట్రము తనవారికి ముందుచోటిచ్చినంత మాత్రమున దేశైక్యమునకు ముప్పు రాదు అనునది ఆ తీర్పు సారాంశము. ముగ్గురు న్యాయమూర్తులు దీనితో విభేదించిరి.

దీని ప్రక్కన ముప్పది యేండ్లకు ముందరి మరియొక తీర్పును ఉంచి చూడవలెను. దక్షిణ కరొలైనా తీరజలములలో రొయ్యలు పట్టు పడవకు ఆ రాష్ట్రము నివాసినుండి 25 డాలర్లు, పరాయివానినుండి 2,500 డాలర్లు వసూలు చేసెడిది. పొరుగున నున్న జార్జియా జాలరులు ఎదురుతిరిగిరి. రొయ్య ఒక రాష్ట్రపు నీటినుండి మరొక రాష్ట్రపు నీటికి ఈదుకొనిపోవునది. దాని వెంట పోయి పొట్టపోసికొనుట జాలరి వృత్తి. 1948లో అదే సుప్రీంకోర్టు ఆ నూరురెట్ల రుసుమును కొట్టివేసెను. ఒక రాష్ట్ర పౌరుడు మరొక రాష్ట్రమున బ్రతుకుతెరువు వెదకికొనుటను ఇట్టి అడ్డుగోడలతో ఆపరాదని చెప్పెను.

జింక తీర్పును, రొయ్య తీర్పును జతపరచి చూచినచో ఒక సూత్రము తేలును. వినోదమును పంచునపుడు ఇంటివానికి ఎక్కువ, బయటివానికి తక్కువ అనుట ఓర్చుకొనదగినదే. కూటిని పంచునపుడు ఆ మాట అంత తేలికగా చెల్లదు. చీటీ దొరకని వేటగాడు చిన్నబోయి ఇల్లుచేరును. వల వేయనీయని జాలరి ఇంట పొయ్యి వెలుగదు. రెండు నిరాశలకును ఒకే తూనికరాయి పనికిరాదు.

మన దేశమున ఇప్పుడు వేటచీటీల ప్రసక్తి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని 1991 నాటి సవరణయు వినోదపు వేటకు ముగింపు పలికినవి. యానాంకు చేరువనే మడ అడవులలో 1978లో కోరింగ అభయారణ్యము వెలసెను. అక్కడ నీటిపిల్లి చేపను వేటాడవచ్చును గాని మనుష్యుడు నీటిపిల్లిని వేటాడరాదు. మనము చీటీ వేసి పంచుచున్నది జింకలను కాదు. ఉద్యోగములను, కళాశాలలోని సీట్లను. ఇవి వినోదమువైపు తూగునా, కూటివైపు తూగునా అని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ స్థానికత అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. దానికై తెలుగువారు చిందించిన కన్నీరును తక్కువ కాదు. 1919లో నిజాం ప్రభుత్వము సర్కారీ కొలువులు ముల్కీలకే, అనగా ఆ దేశమున పుట్టినవారికో పదునైదేండ్లు నివసించినవారికో చెందవలెనని శాసించెను. 1952లో ముల్కీ నిబంధనలు అమలు కాలేదని హైదరాబాదున విద్యార్థులు వీథులకెక్కిరి. 1969లో తెలంగాణమున అదే వేదన పెద్ద ఉద్యమమై ప్రాణములను బలిగొనెను. 1972లో ఆ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పుచెప్పగా, ఈసారి ఆంధ్రప్రాంతము భగ్గుమనెను. 1973 నాటి ఆరుసూత్రముల ఒడంబడిక, దాని వెంట రాజ్యాంగమున 371-డి అధికరణము, 1974లో విద్యాసంస్థల ప్రవేశములపై రాష్ట్రపతి ఉత్తర్వు వరుసగా వచ్చినవి. రాష్ట్రము విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభక్తమై, ఒక్కొక్క ప్రాంతమున నూటికి 85 సీట్లు ఆ ప్రాంతపు స్థానికులకు ఏర్పడెను. మిగిలిన 15 సీట్లకు వేరు నిబంధనలు కలవు; వానియందు స్థానికులును పోటీపడవచ్చును. 2014లో రాష్ట్రము రెండయిన పిదపను ఈ లెక్క పోలేదు.

ఈ చరిత్ర తెలిసినవాడెవడును స్థానికుల హక్కును తేలికగా కొట్టివేయజాలడు. వెనుక చదువు లేనివాడు ముందు చదువుకొన్నవానితో పరుగుపందెమున దిగినచో ఎవడు గెలుచునో అందరికిని తెలిసినదే. తన ఊరి కళాశాలలో తన పిల్లవానికి చోటులేక, దూరమునుండి వచ్చినవారు బెంచీలు నింపుట చూచినవాని కడుపుమంట నిజమైనది. ఆ మంటనుండి పుట్టిన కట్టుబాటు ఇది. అందుచేత కట్టుబాటు ఉండవలసినదే. తగవెల్లయు ఆ గీతను ఎక్కడ గీయవలెననుటయందే.

గీత ఎక్కడ పడెనో యానాం చూపుచున్నది. 1954లో ఫ్రెంచిపాలన ముగిసి, 1962లో విలీనము చట్టబద్ధమై, 1963లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున ఇది ఒక భాగమైనది. దాని రాజధాని ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, అరవదేశపు తీరమున కలదు. కాకినాడ ముప్పది కిలోమీటర్ల దూరము. అక్కడ 1958లో వెలసిన రంగరాయ వైద్యకళాశాల కలదు. పేరుగల ఇంజనీరింగు విశ్వవిద్యాలయము కలదు. యానాం రోగి కాకినాడ ఆసుపత్రికి పోవును. యానాం రైతు కాకినాడ అంగటికి పోవును. యానాం విద్యార్థి మాత్రము అక్కడ స్థానికేతరుడు. స్థానికుడు కాగోరినచో అర్హతపరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా ఆవలి నేలపై చదివియుండవలెను. ఇంటిముందరి బడిని విడిచి వారధికావలి బడికి పంపవలెనా అని తండ్రి ఎనిమిదవ తరగతి దాటకమునుపే తేల్చుకొనవలెను. పదమూడేండ్ల పిల్లవాడు ఏమి కానున్నాడో ఆ తండ్రికేమి తెలియును?

యానాంకు పుదుచ్చేరిలో వాటా లేదా అందురా? కలదు. అక్కడి ప్రవేశములలో యానాం ప్రాంతమునకు ప్రత్యేకమైన కోటా ఒకటి ఉన్నది. ఆ మేలును మరువరాదు. అదియే కాదు; ఆవలియొడ్డు బాలునికి ఆ కోటాలో చోటు లేదు. నీలపల్లిలో పుట్టినవాడు యానాం పొలిమేరను ఆనుకొని బ్రతుకుచున్నను పుదుచ్చేరి దృష్టిలో అతడు పరాయివాడే. కనుక ఇది ఒక్క యానాం మొర కాదు. గీతకు రెండు వైపులు కలవు. రెండు వైపులను ఒక్కొక్క పరాయివాడు నిలిచియున్నాడు.

గీత వంకరైనపుడు మనుష్యులు దాని ప్రక్కనుండి తోవచేసికొందురనుటకును యానాం చరిత్రయే సాక్ష్యము. 1929 నాటి శారదా చట్టము బ్రిటిషు పాలిత ప్రాంతమున బాల్యవివాహములను నిషేధించెను. ఫ్రెంచి యానాంలో ఆ చట్టము చెల్లదు. అంతట చుట్టుప్రక్కల ఆంధ్రదేశమునుండి పెండ్లివారు బండ్లు కట్టుకొని యానాంకు వచ్చి, పసిబిడ్డల మెడలలో తాళి కట్టించుకొని పోయిరి. ఊరికి కళ్యాణపురమను పేరును నిలిచెను. అది మంచిపనికి దొరికిన దారి కాదు. ఐనను అందులో ఒక పాఠము కలదు. ఊళ్ళను, బంధుత్వములను చూడక పటముపై గీచిన గీత ధర్మమును నిలుపలేదు. అడ్డదారులను మాత్రము నేర్పును. నేడు నివాసము ఒకచోట, చదువు ఒకచోట, ధ్రువపత్రము మరొకచోట వెదకికొనవలసిన పరిస్థితి కల్పించినచో, నేరము నేర్చినవానిది ఎంతయో, నేర్పిన గీతది అంత.

మన న్యాయస్థానములును ఈ తూనికను ఎరుగనివి కావు. 1984లో ప్రదీప్ జైన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఎం.బి.బి.ఎస్. తరగతిలో నివాసమునుబట్టి కొంత కేటాయింపు చేయవచ్చును గాని దానికి మితి ఉండవలెనని చెప్పెను. చదువు పైకి పోవుకొలది ప్రతిభకే ప్రాధాన్యము పెరుగవలెనని వివరించెను. 2025 జనవరిలో తన్వీ బెహల్ వ్యాజ్యమున, వైద్యమున పట్టభద్రోత్తర ప్రవేశములకు రాష్ట్ర కోటాలో నివాస రిజర్వేషను రాజ్యాంగవిరుద్ధమని తీర్మానించెను. భారతీయునికి నివాసస్థానము ఒక్కటే. అది భారతదేశము అను భావమునకు ఈ తీర్పులు బలమిచ్చినవి. మొదటి మెట్టున ఇంటివానికి చేయూత, పై మెట్టున అందరికి సమానమైన పోటీ అను క్రమము వీనియందు కనబడుచున్నది.

ఇక చేయదగినదేమి? ఎనుబదియైదింటి లెక్కను తారుమారు చేయనక్కరలేదు. యానాం చిన్న ఊరు. దాని పిల్లలు కొలదిమంది. సరిహద్దునకు ఇరువైపుల ఉన్న ఊళ్ళవారికి ఉన్న సీట్లను తగ్గింపక కొన్ని అదనపు సీట్లను పరస్పరము కేటాయించుకొను ఒడంబడికను ఆంధ్రప్రదేశ్, పుదుచ్చేరి ప్రభుత్వములు చేసికొనవచ్చును. కాకినాడలో యానాం పిల్లలకు కొన్ని. యానాంలోని ప్రభుత్వ సంస్థలలో ఎదుర్లంక, నీలపల్లి పిల్లలకు కొన్ని. దీనికి రాష్ట్రపతి ఉత్తర్వున సవరణ అవసరమైనచో సవరింపవచ్చును. 1974 నాటి ఉత్తర్వు మనుష్యులు వ్రాసినదే. ఇచ్చిపుచ్చుకొనుట కాన ఎవరికిని భిక్ష కాదు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఎల్క్ వేటగానిని విసిగించునది చీటీ దొరకకపోవుట ఒక్కటే కాదు. ఎప్పుడు దొరకునో తెలియకపోవుట, నియమము నడుమ మారుట. ఆ వేటగాడు మరుసటి యేడు మరల దరఖాస్తు పెట్టుకొనును. జింక లేకున్నను అతని కొలువు, ఇల్లు, పిల్లలు భద్రమే. విద్యార్థికి అట్టి వెసులుబాటు లేదు. పదునెనిమిదవ ఏడు రెండుమారులు రాదు. ఒక పిల్లవాడు ఎనిమిదవ తరగతిలో ఉన్నపుడు ఏ నియమము అమలులో నున్నదో, అతడు ఇంటర్మీడియెట్ ముగించునపుడును అతనిపట్ల అదే చెల్లవలెను. స్థానికత నిర్వచనమును ప్రవేశముల ముంగిట మార్చి, వ్యాజ్యముల నడుమ పిల్లలను నిలువబెట్టుట ఏ ప్రభుత్వమునకును తగదు.

ఈ విషయమున ఉపాధ్యాయుల పాత్ర చిన్నది కాదు. స్థానికతను నిర్ణయించు స్టడీ సర్టిఫికెట్టుపై సంతకము పడునది బడిలోనే. ఏ బిడ్డ ఏ సంవత్సరము ఏ తరగతి చదివెనో తెలుపు ఆ నాలుగు వరుసలలో అతని భవిష్యత్తు ముడిపడియున్నది. సరిహద్దు ఊళ్ళ బడులలోని ఉపాధ్యాయులు ఎనిమిదవ తరగతి ఆరంభముననే తల్లిదండ్రులను పిలిచి ఈ నియమములను తేటతెలుగున చెప్పినచో, పెక్కు ఇండ్లలో తరువాతి కన్నీరు తప్పును. విద్యార్థులకును ఒక మాట చెప్పవలెను. స్థానికుడన్నది పుట్టుకతో వచ్చిన గొప్పతనము కాదు. స్థానికేతరుడన్నది తిట్టు కాదు. అవి సీట్లు చాలనందున ఏర్పడిన రెండు గడులు. సీట్లు చాలినంతగా పెరిగిననాడు ఆ గడులతో పనియే లేదు. అందరును కోరవలసినది ఆ దినమును.

అంతవరకు చీటీ పంచువాడు చేతిలోనిది ఏమిటో చూచి పంచవలెను. జింకయైనచో ఇంటివానికి పెద్దపాలు ఉంచుకొనవచ్చును. చదువైనచో, వారధికి ఆవలి చివరను పుస్తకముల సంచితో నిలిచియున్న బాలుని ముఖము ఒక్కమారు చూచి గీత గీయవలెను. వాడు పరాయివాడు కాడు, పొరుగువాడు.